ఎదురుగా ఉన్న సైకిల్

ఊళ్లో సగంమందికి కళ్లజోళ్లు అమ్మే మనిషికి, ఇంట్లో కళ్లెదుట ఉన్న వస్తువు కనపడదు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లుగా ఆయన భార్య ఫిర్యాదు ఇదే. తాళాలు కనపడవు, ఫోన్ కనపడదు, తొడుక్కోబోయే చొక్కా కనపడదు. ప్రతిదానికీ ఆమె వంటింట్లోంచి రావాలి, చెయ్యి చాపి తీసివ్వాలి. ఈరోజు ఏకంగా సైకిలే కనపడటం లేదు.

ఈతకొలనులోంచి నీళ్లోడుతూ పరుగెత్తుకొచ్చిన భర్త, సైకిళ్ల స్టాండు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు. నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి ట్రయాథ్లాన్‌కి తయారవుతున్నాడు. ముప్పావు కిలోమీటరు ఈత, ఒళ్లు ఆరకముందే ఇరవై కిలోమీటర్ల సైకిల్, అది దిగీదిగగానే ఐదు కిలోమీటర్ల పరుగు. అసలు పోటీ వచ్చే ఆదివారం. ఇవాళ ఆఖరి రిహార్సల్. నీళ్లలోంచి లేచిన ఐదు నిమిషాల్లో సైకిలెక్కి గేటు దాటనివాళ్లను పోటీకి పంపనని కోచ్ పొద్దున్నే తేల్చేశాడు. బయటివాళ్లు చెయ్యి వేసినా, మాట అందించినా అంతే సంగతులు.

ఈత సాగినంతసేపూ ఆడపడుచు కొలను గట్టున ఫోన్లో వీడియో తీస్తుంటే, ఆమె ఈ స్టాండు నీడలోనే కూర్చుంది. ఇందాకే కోచ్ వచ్చి ఆమెను లేపి, అడ్డంగా తాడు కట్టాడు. ఇప్పుడు తాడుకి ఇవతల వదినా ఆడపడుచులు. అవతల, పది అడుగుల దూరంలో, శుభ్రంగా నిలబడి ఉన్న నీలం సైకిల్. దాని ముందే భర్త.

ఆయన వంగి దాని హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. హమ్మయ్య అనుకుంది ఆమె. ఆయన హ్యాండిల్ తడిమాడు, కింద నేల తడిమాడు. పరాయివాళ్ల వస్తువు ముట్టుకున్నట్టు గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని పక్క సైకిల్ దగ్గరికి వెళ్లిపోయాడు.

"అదేంటి వదినా, తన సైకిల్ని తనే వదిలేసి పోతున్నాడు?"

"మీ అన్నయ్య సంగతి నీకు కొత్తా? ఆ మధ్య బస్టాండులో నిన్నొదిలేసి, ఎవరిదో పెట్టె జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చాడు కదూ."

ఆడపడుచు నవ్వలేదు. వదినకూ అది పూర్తిగా నవ్వులాట కాదు. నలభై రోజులుగా ఈయన ఇదే పని మీద ఉన్నాడు. హాలు నడుమ సైకిలు నిలబెట్టడం, స్నానాల గదిలోంచి తడిసిన ఒంటితో పరుగెత్తుకు రావడం, కళ్లు మూసుకుని హెల్మెట్టూ బూట్లూ తగిలించుకోవడం. ఎక్కడ పెట్టింది అక్కడే ఉండాలి, చెయ్యి దానంతటదే పోవాలి అని కోచ్ నేర్పిన మంత్రం. చీపురు తిరగడానికి చోటు లేదని ఆమె ఎంత సణిగినా మానలేదు. నిరుటి దాకా దుకాణం కుర్చీలోంచి లేవని మనిషి, బతుకులో ఒక్కటైనా చివరిదాకా చేసి చూపిస్తానని ఆమెతో అన్నాడు. మొన్నటికి యాభై రెండు సెకన్లలో తయారయ్యే స్థితికొచ్చాడు. అలాంటివాడికి ఇప్పుడేమైంది? ఎండ దెబ్బా, నీళ్లు మింగాడా, మతిమరుపా? ఆమెకు ఏమీ అంతుపట్టలేదు.

మిగతావాళ్లు ఒక్కొక్కరే సైకిళ్లు లాక్కుని పోతున్నారు. ఆయన ఆ చివరిదాకా వెళ్లి, వేళ్లతో లెక్కపెట్టుకుంటూ మళ్లీ నీలం సైకిల్ దగ్గరే ఆగాడు. మళ్లీ తడిమాడు. మళ్లీ తల అడ్డంగా ఊపాడు.

ఆమె నోరు తెరిచింది. ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకు దణ్ణం పెడతాను, మాట్లాడకు వదినా. తీసేస్తారు."

ఆమె కళ్లతో సైగ చేసింది. కళ్లజోడు లేకపోతే ఆయనకు ఆమె మొహమే ఆనదు, ఇక సైగ ఒకటా.

విజిల్ మోగింది. కోచ్ కాగితం మీద ఏదో కొట్టేస్తూ వచ్చాడు. తన సైకిల్ని తను పోల్చుకోలేని మనిషిని రోడ్డు మీదికి వదలలేనని, వచ్చే ఏడాది చూద్దామని మెల్లగానే చెప్పాడు.

భర్త జుట్టులోంచి కారుతున్న నీళ్లు తుడుచుకుని, "రంగు మసగ్గా నాదానిలాగే ఉంది సార్," అన్నాడు. "కానీ నాది కాదు. నా హ్యాండిల్ మీద హెల్మెట్ వెల్లకిలా ఉంటుంది, అందులో నా కళ్లజోడు ఉంటుంది. కింద తువ్వాలు, దాని మీద బూట్లు. నేనే పెట్టుకున్నాను. దీనికి అవేవీ లేవు. నాది ఎవరో తీసుకుపోయినట్టున్నారు."

చిన్నపిల్లాడిలా ఆయన అలా చెబుతుంటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రుమాలు కోసం చేతిసంచి తెరిచింది.

వేళ్లకు రుమాలు తగల్లేదు. నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు తగిలింది. దాని కింద గట్టిగా, కళ్లజోడు పెట్టె.

ఆమె తలెత్తి స్టాండు వైపు చూసింది. హెల్మెట్ గోడ కొక్కేనికి వేలాడుతోంది. బూట్లు బెంచీ కింద లేసులు ముడివేసుకుని జంటగా ఉన్నాయి. అచ్చం ఇంట్లో ఆమె సర్దిపెట్టినట్టే.

ఆమె తాడు పైకెత్తి అవతలికి దూరి, కళ్లజోడు తీసి స్వయంగా భర్త ముక్కు మీద పెట్టింది.

"ఆయన పేరు కొట్టేయకండి సార్," అంది కోచ్‌తో. "కనపడకపోవడం ఆయన జబ్బు కాదు, సర్దడం నా జబ్బు. పద్దెనిమిదేళ్లుగా తప్పు నాదే."