తడి తువ్వాలు

చాగలమర్రిలో టీ తాగడానికి ఆపడమే ఓబులేష్ చేసిన తప్పు.

కారు మళ్లీ స్టార్ట్ కాలేదు.

రెండే సీట్లున్న ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు అది. ఓబులేష్ కంటే ఇరవై ఏళ్లు పెద్దది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే లేస్తుంది. వేడి మీద ఒక్కసారి ఆపితే మాత్రం గంటసేపు పలకదు.

బ్యాటరీ మార్చాడు. కాయిల్ మార్చాడు. ప్లగ్గులు రెండుసార్లు మార్చాడు. వాళ్ల ఇంట్లో మొదటి ఇంజనీరు అతనే. ఆ చదువుకు ఈ కారు మూడు నెలలుగా లొంగడం లేదు.

కర్నూలులో పాత కార్లు సేకరించే యజమాని ఉమామహేశ్వర నిన్న తెగేసి చెప్పాడు. మైదుకూరులో మద్దిలేటి అనే పాతకాలం మెకానిక్ ఉన్నాడు, పని మానేశాడు, బతిమాలితే ఈ ఒక్కటీ చూస్తానన్నాడు. ఆయనతో బాగు చేయించుకుని రా, లేదంటే నువ్వూ పనిలోకి రావద్దు.

మైదుకూరు ఇంకా ముప్పై కిలోమీటర్లు.

దారిన పోయేవాళ్లలో ఒకడు తోయమన్నాడు. ఇంకొకడు నిమ్మకాయ కట్టమన్నాడు. ఓబులేష్ పళ్లు కొరుక్కుంటూ బానెట్ ఎత్తి, ప్లగ్గులు విప్పి తుడిచి బిగించాడు.

టీ కొట్టు బెంచీ మీది ముసలాయన లేచి వచ్చాడు. మాసిన పంచె, భుజాన పచ్చంచు తువ్వాలు.

"నీళ్లుండాయా అప్పా?"

"కొట్లో అడుగు పెద్దాయనా. నా అవస్థలో నేనుండా."

ముసలాయన కొట్లో చెంబెడు నీళ్లు అడిగి తెచ్చుకున్నాడు. తాగలేదు. కారు ఆపి ఎంతసేపయిందని అడిగాడు. ఓబులేష్ తల తిప్పకుండా బ్యాటరీ తీగలు కదిపి చూశాడు.

అంతలో యజమాని ఫోన్ చేశాడు. పక్కకు పోయి, దగ్గరికొచ్చేశా సార్ అని అబద్ధం చెప్పి వచ్చేసరికి, ముసలాయన రెండు చేతులూ ఇంజనులో ఉన్నాయి. కిందంతా నీళ్లు.

"ఏం చేస్తాండావు? కాలే ఇంజను మీద నీళ్లు పోస్తారా ఎవరైనా?"

"పంపులో పెట్రోలు కాగి ఆవిరైపోయింటాదప్పా, అందుకే..."

"నేను ఇంజనీరింగ్ చదివినా. నువ్వు చెయ్యి తియ్యి. దీన్ని చూసేవాళ్లు మైదుకూరులో ఉండారు."

ముసలాయన అతని మొహంలోకి ఒకసారి చూసి, చెయ్యి తీశాడు.

ఓబులేష్ లోపలికి చూడకుండానే బానెట్ దబ్బున మూసి, తాళం తిప్పాడు. కారు ఒక్క తిప్పుకే లేచింది. ప్లగ్గులు తుడిచింది మంచిదయింది అనుకున్నాడు.

ముసలాయన కిటికీ దగ్గర వంగాడు. "నేనూ మైదుకూరికే పోవాలప్పా. ఒక సీటు ఖాళీగానే ఉండాది కదా."

"ఇది బస్సు కాదు పెద్దాయనా."

మైదుకూరులో మద్దిలేటి ఇంటికి తాళం వేసి ఉంది. ఓబులేష్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఇంజను ఆపే ధైర్యం లేక, దాన్ని అలాగే ఉంచి హారన్ కొట్టాడు.

పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగింది. మగ్గం నేసే గురమ్మ బయటికొచ్చి ఖాళీ సీటు వైపు చూసింది.

"ఒక్కడివే వచ్చినావేమప్పా? ఇద్దరికీ వండి పెట్టినానే."

ఆమె ఎవరి గురించి అంటోందో అతనికి అర్థం కాలేదు. ఇంజను ఎంత వేడెక్కిందో చూద్దామని బానెట్ ఎత్తాడు.

పెట్రోలు పంపు చుట్టూ బిగించి ముడేసిన పచ్చంచు తువ్వాలు. ఇంకా చెమ్మ ఆరలేదు.

గురమ్మ వంగి చూసింది. "ఇది నేను నేసిన తువ్వాలే."

ఓబులేష్ ఆ తడి ముడిని వేలితో తడిమి చూశాడు.

"మీ సారు నిన్న నా ఫోనుకే చేసినాడప్పా. కర్నూలు నుంచి వచ్చేటోళ్లంతా ఆపేది అక్కడే, ఆ పిల్లోడూ చాగలమర్రిలో టీకి ఆపుతాడు, ఆపితే అది మళ్లీ లేవదు, పాపం ఎండలో ఏం అగచాట్లు పడతాడోనని నీకు ఎదురుపోయేదానికి పొద్దున్నే బస్సెక్కినాడు మా మద్దిలేటి మామ."