రెండో బ్రేకు

కాలువలో పడ్డ కారు ముక్కు కిందికి వంగి మునుగుతోంది. డ్రైవింగ్ నేర్పే ఆయన, పక్క సీట్లో తన కాలికింద పెట్టించుకున్న రెండో బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు.

"ఏమండీ, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి!" స్టీరింగ్ ముందున్న భార్య అరిచింది.

"నేను చెప్పేదాకా ఏదీ ముట్టుకోకు! బ్రేకు నా దగ్గరుంది."

నెల రోజులుగా ఆమెకు ఆ మాటే ధైర్యం. అందుకే ఆగింది. ఆయన భుజంతో తలుపును గుద్దాడు. బయటి నీళ్ల బరువుకి అది అంగుళం కూడా కదల్లేదు. మళ్లీ బ్రేకు తొక్కాడు.

"చెప్పండి, ఏం చెయ్యను?"

ఆయన రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని బ్రేకును ఇంకా గట్టిగా తొక్కాడు. మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఇన్నాళ్లూ ఆ బ్రేకు తన భయం కోసం పెట్టించాడనుకుంది ఆమె; అది ఆయన భయం కోసం.

"ఇంకా ఎందుకండీ తొక్కుతారు? కింద రోడ్డు లేదు!"

గబగబా ఇద్దరి బెల్టులూ ఊడదీసి, రెండు అద్దాలూ దించింది. నీళ్లు భళ్లున లోపలికి దూకాయి.

"తలుపు వదిలేయండి. కిటికీలోంచి వెళ్లండి!"

"నాకు ఈత రాదే!"

"నాకొచ్చు. బయటికెళ్లి కారు టాపు పట్టుకోండి, వస్తున్నా."

ఆయన్ని కిటికీలోంచి బయటికి నెట్టి, తన కిటికీలోంచి తనూ వచ్చింది. చొక్కా కాలరు పట్టుకుని ఆయన్ని గట్టుకి ఈడ్చింది.

కారు టాపు కూడా మునిగిపోయింది. బురదలో కూలబడ్డ ఆయన కుడికాలు ఇంకా నేలను తొక్కుతూనే ఉంది.

ఆమె ఆ మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఆగిందండీ," అంది మెల్లగా.