మూడో గొట్టంలో ఇసుక

“అక్కడ వద్దు పాపా,” అన్నాడు చిన్నతంబి. “అడుసు లోతు. కాలు దిగితే మళ్ళ రాదు.”

శివరంజని తండ్రి మాట చెవిన వేసుకోలేదు. ఆమె చేతిలో ఉన్నది ఆఖరి ప్లాస్టిక్ గొట్టం. పొద్దుటినుంచి చెరువు అడుగున దిగేసిన రెండు గొట్టాల్లోనూ పైనుంచి కిందిదాకా నల్లమన్ను తప్ప మరేమీ రాలేదు. ఇందులోనూ రాకపోతే ఇంటికి పోయి వీధిలో మొహం ఎలా చూపించాలో ఆమెకు తెలియలేదు.

చోళపురం దారిలో ఉన్న ఆ చెరువును అక్కడివాళ్ళు కన్మాయి అంటారు. దాని కట్ట కిందనే వీళ్ళ వీధి. పోయిన ఐప్పసి నెల వానలకు నీళ్ళు కట్ట మీదుగా పొర్లి ఇళ్ళలోకి వచ్చాయి. పక్కింటి పాండీశ్వరి గోడ కూలింది. గోడవార ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ ఎలా బతికిందో ఆ దేవుడికే తెలియాలి. అడ్డుగోడ కట్టించండని వీధంతా సర్కారు ఆఫీసుకు పోయి మొరపెట్టుకుంటే, “ఒక్కసారి వచ్చిన వరదకు గోడ కట్టం. మునుపు కూడా వచ్చినట్టు ఆధారం తెండి,” అన్నారు. నోటిమాట చాలదన్నారు.

అప్పుడు శివరంజని ఆ ఆధారం తాను తెస్తానని మాటిచ్చింది. మదురైలో భార్గవి మేడం దగ్గర ఆమె చేసే పరిశోధనే అది. చెరువు అడుగున ఏటికేడు మన్ను పొరలుగా దిగుతుంది. ఆ పొరల్ని చూసి ఏ కాలంలో వాన దంచిందో, ఏ కాలంలో మొహం చాటేసిందో చెప్పవచ్చు. ఆఫీసువాళ్ళు కూడా భార్గవి రిపోర్టు ఇస్తే ఒప్పుకుంటామన్నారు. అంతవరకు బాగానే ఉంది. మన్ను నోరు విప్పాలి కదా.

“నైనా, కొట్టు,” అంది శివరంజని.

చిన్నతంబి సమ్మెట ఎత్తాడు కానీ కొట్టలేదు. “ఆ పక్క వేస్తే బాగుంటాది కదా?”

“ఆ పక్క చూసినాము కదా నైనా. ఏముండాది అక్కడ?”

ఆయన కొట్టాడు. మిల్లులో ముప్పై ఏళ్ళు చేసిన చేతులు, అయినా ఈరోజు దెబ్బలో ఊపు లేదు. కట్ట మీద బిడ్డను చంకనెత్తుకుని పాండీశ్వరి కళ్ళార్పకుండా చూస్తోంది. పడమటి కొండల మీద మబ్బులు కమ్ముకుంటున్నాయి.

“శివరంజనీ, వాన వచ్చేటట్టుండాదే,” అంది పాండీశ్వరి.

“వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు లే,” అంది శివరంజని. అనేసి, ఆ చంకలో బిడ్డను చూసి నాలుక కరుచుకుంది.

గొట్టం పైకి లాగి, నిలువునా కోసి, రెండు చీలికలుగా విప్పారు. పైన జానెడు నల్లమన్ను. దాని కింద బెత్తెడు మందాన తెల్లటి ఇసుక. ఇసుక కింద మళ్ళీ నల్లమన్ను.

“మేడం,” అంది. చీలికను ముందుకు జరిపింది.

పొద్దున్నే కారులో వచ్చి పక్కనే నిలబడ్డ భార్గవి వంగి చూసింది. ఆమె తమిళంలోనే మాట్లాడుతుంది. “నిలవ నీళ్ళు మెత్తటి మన్నునే దింపుతాయి. ఇంత ఇసుకను మోసుకొచ్చిందంటే అది పెద్ద వరదే. ముప్పై నలభై ఏళ్ళ కిందటిది కావచ్చు.” ఇసుకను వేళ్ళతో నలిపింది. మొహం చిట్లించింది. “కానీ వరద ఇసుక అడుగున గరుకుగా, పైకొచ్చేకొద్దీ సన్నంగా ఉండాలి. ఇదేమో జల్లెడ పట్టినట్టు అంతా ఒకే తీరు.”

శివరంజని చీలికను దగ్గరికి లాక్కుంది. “అట్లా రాకూడదా మేడం?”

“అరుదు. వయసు ల్యాబులో తేలుతుంది, కానీ దానికి నెలలు పడతాయి. వానలకు ముందే గోడ కావాలంటే రిపోర్టు రేపే వెళ్ళాలి. ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా వరదను కళ్ళారా చూశామంటే, రెండూ కలిపి ధైర్యంగా రాస్తాను.” ఆమె చిన్నతంబి వైపు తిరిగింది. “అయ్యా, మీరు ఇక్కడే పుట్టి పెరిగారట. ఆ వరద మీకు గుర్తుందా?”

చిన్నతంబి మన్ను తిన్న పాములా నిలబడ్డాడు. నుదుట చెమట పట్టింది. శివరంజనికి తండ్రి మీద చెప్పరాని కోపం వచ్చింది. వీధిలో అందరికంటే వాగుడుకాయ, ఇవాళే నోరు పడిపోవాలా?

“చెప్పన్నా,” అంది కట్ట మీదినుంచి పాండీశ్వరి. “నేను పెండ్లయి వచ్చినదాన్ని, నాకు తెలీదు. నీకు తెలుసు కదా. నా బిడ్డ కోసరం చెప్పన్నా.”

చిన్నతంబి ఆ బిడ్డను చూశాడు.

“వచ్చినాది మేడం,” అన్నాడు చివరికి. “పెద్ద వెళ్ళం, వరదే.”

భార్గవి తల ఊపి గొట్టాన్ని గుడ్డలో చుట్టించుకుని కారెక్కింది. “గోడ వచ్చినట్టే అనుకో,” అని శివరంజని భుజం తట్టింది. పాండీశ్వరి బిడ్డను ముద్దులాడుకుంటూ వీధిలో అందరికీ చెప్పడానికి పరుగెత్తింది.

తండ్రీ కూతుళ్ళు కట్ట మీద నడుస్తున్నారు. పొద్దుటినుంచి బిగబట్టుకున్న ఊపిరిని శివరంజని ఇప్పుడు వదిలింది. కడుపు చల్లబడింది. తండ్రిని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది కూడా.

“నైనా, రిపోర్టులో రాయాల. ఆ వెళ్ళం ఏ ఏడు వచ్చినాది?”

“ఏ ఏడైతే ఏమి పాపా. గోడ కట్టనీ.”

“నేను ఇంక దీని మీదనే థీసిస్ రాస్తాను నైనా. సరిగ్గా చెప్పు. నీళ్ళు ఎంత మట్టం వచ్చినాయి?”

చిన్నతంబి ఆగాడు. వెనక్కి తిరిగి, ఎవరూ లేరని చూసుకున్నాడు.

“మూడేండ్లు చుక్క వాన లేక కన్మాయి ఎండిపోతే, కబడ్డీ ఆడేదానికి ఆ ఇసుక మేమే తోలినాము.”