ఏ పాపమూ ఎరగను

సూర్యప్రభ తలుపు గడియ వేసి, బైబిలు టీపాయ్ మీద పెట్టింది.

"దీని మీద చెయ్యి వేసి, నేను ఏ పాపమూ ఎరగను అను. నమ్మేస్తాను. లేదంటే పోలీసుల్ని పిలుస్తాను. నీ ఇష్టం జ్యోతీ."

బైబిలు జ్యోతిదే. పై పోర్షన్‌లోంచి ఆమె చేతే తెప్పించారు.

పోయింది బంగారు గొలుసు. గుడికి వెళుతూ సూర్యప్రభ ఎప్పటిలాగే ఇంటి తాళంచెవి పైన కిరాయికుండే బడి టీచరు జ్యోతికిచ్చి, నీళ్లొస్తే డ్రమ్ము నింపమంది. తిరిగొచ్చేసరికి డ్రమ్ము నిండింది. బీరువాలో గొలుసు లేదు. భర్త రామమోహనరావు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఇంక మిగిలిందెవరు? సరూర్‌నగర్‌లో ఎవరినడిగినా జ్యోతి పేరే చెబుతారు.

ఏ పాపమూ ఎరగను అనే మాటలో మాత్రం ఏముంది? మనమంతా ఊరికే అనేస్తుంటాం. జ్యోతి మాత్రం బైబిలు మీద చెయ్యి వెయ్యలేదు.

"గొలుసు నేను తియ్యలేదక్కా. గా మాట ఎక్కడన్నా చెప్త. గని, ఏ పాపం ఎరగనని మాత్రం అనలేను."

తియ్యనప్పుడు అనడానికేం నొప్పి అని సూర్యప్రభ నిలదీసింది.

ఏం చెప్పాలి? ఎల్బీనగర్ చర్చిలో పాస్టరుగారి మాటలు జ్యోతికి చిన్నప్పటి నుంచీ ఒంటబట్టాయి. పాపమంటే చేత్తో చేసేదొక్కటే కాదట. మనసులో పుట్టినా పాపమేనట. పుట్టుకతోనే మనిషిని పట్టుకుని ఉంటుందట. నాకు లేదు అనడం దేవుడి ముందు పచ్చి అబద్ధమట. పక్కవాళ్ల పాపం మన నోటికి రాకూడదు, ఎవరిది వాళ్లే ఒప్పుకోవాలట. ఇదంతా ఆమె తనకు చేతనైనట్టు చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది.

"మొన్న పెండ్లిల మీ మెడల గా గొలుసు చూసి, నాకు గూడ ఉంటే బాగుండు అనుకున్న. గది గూడ పాపమే అక్కా."

కొంప మునిగింది. ఇంకేం కావాలండీ, తన నోటితోనే ఒప్పుకుందిగా అని సూర్యప్రభ భర్త వైపు తిరిగింది.

రామమోహనరావు మంచివాడని కాలనీలో పేరు. సంగతి తెలియగానే ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. పోలీసులెందుకు, పరువు పోతుందని అప్పటి నుంచీ అంటున్నది ఆయనొక్కడే. ఇప్పుడూ జ్యోతికి ఎదురుగా కూర్చుని బతిమాలాడు.

"ఆ ఒక్క మాట అనేసెయ్యమ్మా. నీకేమీ తెలియదని నాకూ నమ్మకం కుదురుతుంది."

జ్యోతి గడియ వైపు చూసింది. అనేస్తే అది తీస్తారు, పైకి వెళ్లిపోవచ్చు. అనకపోతే స్టేషను. దొంగ పేరు పడ్డ టీచర్ని ఏ బడి ఉంచుకుంటుంది?

సూర్యప్రభకు ఓపిక అయిపోయింది. హాల్లో సిగ్నలు లేదని ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది.

రామమోహనరావు ముందుకు వంగాడు. "అనమ్మా, ఏ పాపమూ ఎరగనని."

జ్యోతి బైబిలును మెల్లగా ఆయన వైపు జరిపింది. బాల్కనీలోకి వినపడనంత చిన్నగా అంది.

"ఎరగనని ఎట్లంట సార్, డ్రమ్ము నింపనీకె వచ్చినప్పుడు బీరువా కాడ మిమ్మల్ని చూసిన గదా."