ఎనభై మీద బ్రేకు

“ఒక్కసారి నన్ను ఎక్కించుకుంటవా బిడ్డా?”

కెమెరా వైపు చూస్తూ కావ్య నవ్వుతున్న నవ్వు సగంలో ఆగింది. టేకు పాడైంది.

ఎవరో పెద్దాయన. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఎర్ర కారు ముందు వంగి నెంబరు ప్లేటు చదువుతున్నాడు.

ఆదివారం ఉదయం ఏడు. గచ్చిబౌలి దాటాక ఆఫీసుల మధ్య ఖాళీ రోడ్డు. రెండు స్పోర్ట్స్ కార్లు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ‘నడపడానికి ఏది మజా, రోజూ ఆఫీసుకు ఏది నయం?’ ఇదీ వీడియో.

రెండూ ప్రశాంత్ అనే డబ్బున్నాయనవే, వీడియో కోసం అడిగితే ఇచ్చాడు. పదింటికి వచ్చి పట్టుకుపోతాడు.

ఉద్యోగం మానేసి యూట్యూబ్ చానెల్ పెట్టిన ఏడాదిన్నరలో ఇలాంటి కార్లు కావ్య చేతికి రావడం ఇదే మొదలు. ఇది ఆడకపోతే మళ్లీ మెడలో ఐడీ కార్డే.

“అంకుల్, షూటింగ్ నడుస్తోంది. జర పక్కకి,” అన్నాడు కెమెరా పట్టుకున్న రోహిత్.

“ఎరుకే. ఇయ్యాల పొద్దుగాల ఈడ తీస్తమని ఫోన్ల పెట్టిన్రంట గద. మావోళ్లు చెప్పిన్రు. హఫీజ్‌పేట్ కెల్లి అందుకే వచ్చిన.”

రోహిత్ కావ్య చెవి దగ్గరకు వంగాడు. “నీ ఫ్యానే! అది కూడా రబ్బరు చెప్పుల ఫ్యాన్. ఎక్కించు, కామెడీ పండుద్ది.”

“ఏ కారు అంకుల్?” అంది కావ్య. “నీలిది మీ నడుముకి మంచిది. ఎర్రది ఎక్కితే దింపడానికి ఇద్దరు కావాలి.”

“ఎర్రదే.”

ముందు కూర్చుని, తర్వాత కాళ్లు ఒక్కొక్కటే లోపలికి లాక్కున్నాడు. రోహిత్ అదంతా దగ్గరగా తీశాడు.

“పేరేంటి అంకుల్?”

“బాలనర్సయ్య. ఆఫీసు బస్సు నడుపుత.”

“అబ్బో! మరి చెప్పండి, మీ బస్సు మజానా, ఇది మజానా?”

“ఎనభై మీద పోయి గట్టిగ బ్రేకు కొడ్తవా?”

“ఎనభయ్యేనా? అందరూ రెండొందలు అడుగుతారండీ బాబూ!”

“ఎనభై చాలు.”

రోహిత్ రోడ్డు పక్కన కోను పెట్టాడు. ఎనభై మీద కోను దగ్గరికి రాగానే కావ్య బ్రేకు తొక్కింది. పెద్దాయన ముందుకు ఊగి, బెల్టు లాగడంతో వెనక్కి పడ్డాడు.

“ఆగిందా?”

“ఆగింది అంకుల్.”

“ఇంత జల్ది ఆగిందా?”

ఆయన నోరు తెరిచే ఉంది. ఇదే థంబ్‌నెయిల్, అనుకుంది కావ్య.

ఆయన దిగి కోను దాకా వెళ్లి, అక్కణ్ణుంచి కారు వైపు అంగలు వేసుకుంటూ వచ్చాడు.

“ఇరవై మూడు మీటర్లని యాప్ చెబుతోంది అంకుల్! కాళ్లకెందుకు పని?”

“నేను గూడ లెక్కవెట్టుకుంట.” కారు దగ్గరికొచ్చి ఆగాడు. “ముప్పై ఒక్క అంగ. ఇంకోసారి కొడ్తవా?”

మూడుసార్లు కొట్టించాడు. మూడోసారి ఆగాక రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

“వాంతి చేసుకుంటాడేమో చూడు, సీటు పాడవుద్ది!” బయటినుంచి అరిచాడు రోహిత్.

పెద్దాయన తుడుచుకుని దిగాడు. “గీ వీడియో పంపిస్తవా బిడ్డా? కారు నెంబరు కనవడాలె. రేపు పొద్దుగాలకు గావాలె.”

“ఓహో, అందరికీ చూపించుకోవాలా?”

“అవ్. చూపియ్యాలె.” జేబులోంచి చీటీ తీసిచ్చాడు. “నాది చిన్న ఫోను. దీంట్ల నెంబరుకు పంపు. మర్సిపోవు గద?”

“సాయంత్రానికి పంపిస్తా అంకుల్. ఒట్టు.”

ఆయన రెండు చేతులూ జోడించాడు. కారెక్కించినందుకు ఇంత దండమా అని కావ్యకు నవ్వొచ్చింది.

మిగతా పని చకచకా అయిపోయింది. నీలిదాని డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తా పట్టింది. ఎర్రదాంట్లో రెండు హెల్మెట్లు పెడితే మూత పడలేదు. స్పీడ్ బ్రేకర్ మీద ఎర్రది కడుపు గీరుకుంది. మజాకి ఎర్రది, ఆఫీసుకి నీలిది అని తీర్పు చెప్పేసింది.

పదింటికి ప్రశాంత్ వచ్చాడు. కాఫీ తాగుతూ లాప్‌టాప్‌లో క్లిప్పులు చూశాడు. బియ్యం బస్తాకి పడీపడీ నవ్వాడు. తెల్ల చొక్కా కనిపించగానే కప్పు కింద పెట్టాడు.

“ఈ బిట్ తీసెయ్.”

“ఎందుకన్నా? హైలైటే అది.”

“తీసెయ్ అన్నాగా. కెమెరా కార్డులోంచి కూడా. ఇప్పుడే, నా ముందే.” వెంటనే నవ్వాడు. “వచ్చే నెల ఓపెన్ టాప్ కారు దిగుతోంది. ఫస్ట్ షూట్ నీకే, సరేనా?”

కావ్య రోహిత్ వైపు చూసింది. రోహిత్ వైర్లు చుట్టుకుంటున్నాడు.

పోనీలే, అంకుల్‌ని ఇంకోసారి ఇంకో కారులో తిప్పొచ్చు, అనుకుంది. లాప్‌టాప్‌లో తీసేసింది. యాప్‌లో అంకెలు తీసేసింది. మిగతా క్లిప్పులు కాపీ చేసుకుని కార్డు మొత్తం ఫార్మాట్ కొట్టింది. ఖాళీ అని చూపించేదాకా ప్రశాంత్ కదల్లేదు.

సాయంత్రం చీటీలోని నెంబరుకు ఫోన్ చేసింది. సారీ చెబుదామని.

“హలో అండీ, పొద్దున కారు వీడియో...”

“నువ్వేనామ్మా!” ఎవరో పెద్దావిడ గొంతు. “నీ ఫోన్ కోసమే కూర్చున్నాను. లాయర్ పుణ్యవతిని. వీడియో పంపుతున్నావా?”

“లాయరా?”

“రేపే కదా కోర్టు. స్పీడు ఎనభయ్యే, యాభై మీటర్ల ముందే చూసి బ్రేకు కొట్టాను, అయినా బండి ఆగలేదంటున్నాడు ఆ ప్రశాంత్. అది అబద్ధమని చూపించాలంటే ఆ కారు మాకెవరిస్తారు? దేవుడిలా నువ్వు దొరికావని ఇంటికెళ్లి ఒకటే ఏడుపట ఆయన.”

“ఎవరికి... ఏమైందండీ?”

“అయ్యో, చెప్పలేదా? పోయిన వేసవిలో తెల్లారుజామున మీరు తీసిన ఆ రోడ్డే ఊడుస్తూ, ఆ ఎర్ర కారు కింద పడి చనిపోయిన గంగమ్మ, బాలనర్సయ్య భార్యమ్మా.”