జనవరిలో మలాగా

“పక్కపక్క సీట్లు కావాలంటే పైన ఇంకా కట్టాలట. విడివిడిగా కూర్చుంటే ఏం పోయింది, ఎక్కేది ఒకే విమానం కదా” అంది గ్లెనిస్, టీకి నీళ్ళు పెడుతూ.

స్నేహితురాలి వంటింట్లో ఐలీన్ లాప్‌టాప్ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చుంది. బయట ఉత్తర ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్ సముద్రపు గాలి వానని కిటికీకేసి కొడుతోంది. జనవరిలో స్పెయిన్ వెళ్ళొద్దామన్నది గ్లెనిస్. మలాగాలో మూడు నాలుగు రోజులు ఎండలో కూర్చుని కాఫీ తాగి రావడం, అంతే. చలికాలంలో టికెట్లూ చవకే, గదులూ చవకే. ఆ మాట అనేసి, మిగతాదంతా ఐలీన్ నెత్తిన పెట్టింది.

ఐలీన్‌కి ఇవేవీ అలవాటు లేవు. భర్త గోర్డన్ బతికున్నన్నాళ్ళూ ఇద్దరి పాస్‌పోర్టులూ ఆయన జేబులోనే ఉండేవి. ఏ గేటు, ఏ బస్సు అన్నది ఆయన చూసుకునేవాడు, ఆవిడ వెనకాల నడిచేది. ఆయన పోయాక న్యూకాసిల్ రైలెక్కడం కూడా మానేసింది. యార్క్ నుంచి చెల్లెలు పుట్టినరోజుకి పిలిస్తే మోకాలు నొప్పి అని చెప్పింది. మోకాలు శుభ్రంగానే ఉంది. ఎవరడిగినా, తీసుకెళ్ళేవాళ్ళుంటే ఎందుకు రానూ అనేది.

ఇప్పుడు తీసుకెళ్ళే మనిషి దొరికింది గానీ, ఆ మనిషి కుర్చీలోంచి కదలదు. కంప్యూటర్ చూస్తే కళ్ళు తిరుగుతాయంది. జీవితమంతా కౌన్సిల్ ఆఫీసులో కంప్యూటర్ ముందే గడిపిన మనిషికి కళ్ళు తిరగడమేమిటో ఐలీన్‌కి అర్థం కాలేదు. తిట్టుకుంటూనే తన టికెట్టు తానే కొంది. గ్లెనిస్ తన కార్డు మీద ఏదో తగ్గింపు ఉందనీ, తనది తర్వాత కొనుక్కుంటాననీ చెప్పింది.

గది విషయంలో నిజంగానే మాటామాటా వచ్చింది. ఇద్దరికీ ఒకటే తీసుకుంటే కలిసొస్తుందని ఐలీన్ అంటే గ్లెనిస్ ససేమిరా అంది.

“నీ గురక గోర్డన్ కాబట్టి భరించాడు బంగారం. నా వల్ల కాదు. ఒక్కరు పట్టే గదులు ఆ నెలలో అడిగేవాళ్ళే ఉండరు, చవగ్గా వస్తాయి. నీది నువ్వు చూసుకో, నాది నేను చూసుకుంటాను.”

ఐలీన్ ఆ పూట టీ తాగకుండానే వెళ్ళిపోయింది. కానీ ఇంటికెళ్ళి, మార్కెట్ వెనక వీధిలో చిన్న గది ఒకటి వెతికి పట్టుకుంది.

మెల్లగా ఆ ప్రయాణం పనుల్లో పడింది. విమానాశ్రయం కిందనుంచే ఊళ్ళోకి రైలుంది, టాక్సీ దండగ. మధ్యాహ్నం పూట కడుపునిండా తినేస్తే రాత్రికి రొట్టె, జున్ను చాలు. ఆదివారం మధ్యాహ్నం దాటితే ఆ ఊరి కొండమీది పాత కోటకి టికెట్ అక్కర్లేదు. సీటు కింద పట్టే సంచీ ఒక్కటే ఉచితం కాబట్టి, లావు కోటు ఒంటిమీద వేసుకుని మిగతావి దాని జేబుల్లో కుక్కాలి. గ్లెనిస్ ఎండకి కొత్త టోపీ కొనుక్కుని, పెట్టుకుని మరీ చూపించింది. కానీ వచ్చినప్పుడల్లా బడిపిల్లని అడిగినట్టు, దిగాక ఎటు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి అని అడుగుతూనే ఉండేది.

“నేనేమైనా నీకు గైడునా?” అని ఒకరోజు విసుక్కుంది ఐలీన్.

“నాకు గుర్తుండదే. ఇద్దరిలో ఒకళ్ళకైనా తెలియాలి కదా.”

ప్రయాణం నాడు పొద్దున్నే ఫోను మోగింది. గ్లెనిస్ గొంతు బొంగురుపోయి ఉంది. ఒళ్ళు కాలిపోతోందట, లేవలేకపోతోందట. ఐలీన్ తనూ మానేస్తానంది. చవక టికెట్టు, డబ్బు వెనక్కి రాదని గుర్తు చేసింది గ్లెనిస్.

“నేనొక్కదాన్నే ఎలా వెళ్తానే?”

“విమానం దిగి ఎటు వెళ్తావు?”

ఐలీన్ చెప్పింది. ఏ స్టేషన్లో దిగాలో, ఏ వీధి మలుపు తిరగాలో, గది తాళం ఎవరినడగాలో అన్నీ తడుముకోకుండా చెప్పింది.

“మరి నేనొచ్చి ఏం చేస్తాను?” అంది గ్లెనిస్.

కోటు వేసుకుని మెట్లమీద కాసేపు కూర్చుంది ఐలీన్. తర్వాత లేచి తలుపు తాళం వేసింది.

మొదటి సాయంత్రం గది దాటలేదు. మర్నాడు ఆకలి బయటికి నెట్టింది. అక్కడ కాఫీలో పాలెన్ని అన్నదాన్నిబట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు. అన్నిటికన్నా పాలెక్కువదాన్ని మేఘం అంటారు. ఆ మాట నేర్చుకునే వచ్చింది. అడిగితే, మారు మాట్లాడకుండా తెచ్చి ముందు పెట్టారు. చలికాలపు ఎండ మోకాళ్ళ మీద పడుతుంటే ఇంకోటి తెప్పించుకుంది. ఆ పూట దారి తప్పింది. ఎవరినో అడిగి మళ్ళీ దారిలో పడింది.

ఆదివారం కోట దగ్గర లీడ్స్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు గేటెక్కడో తెలియక దెబ్బలాడుకుంటున్నారు.

“ఈ పూట టికెట్ అక్కర్లేదు. నాతో రండి” అంది ఐలీన్.

ఆ మాట తన నోట్లోంచి రావడం ఆవిడకే వింతగా తోచింది. పైకెక్కి ఓడరేవు చూస్తూ చాలాసేపు నిలబడింది. గోర్డన్‌కి చెప్పాలనిపించింది. పైకే చెప్పుకుంది.

ఊరొచ్చాక సొంతింటికి కూడా వెళ్ళకుండా, బాదం మిఠాయి పట్టుకుని తిన్నగా గ్లెనిస్ తలుపు తట్టింది. మాట్లాడటం మొదలుపెట్టి ఆపలేదు. చెల్లెలికి ఫోన్ చేసిందట, వచ్చే వారమే యార్క్ ప్రయాణం. వచ్చే చలికాలం వాలెన్సియా, ఈసారి గ్లెనిస్‌ని తానే తీసుకెళ్తుందట.

చివరికి కాస్త చిన్నబోయింది. “అన్నీ ఇంత పొదుపుగా చూసుకున్నామా, నీ టికెట్టొక్కటి దండగైపోయింది.”

పోతే పోయిందిలే అని గ్లెనిస్ మిఠాయి ముక్క నోట్లో వేసుకుంది.

ఆవిడ అసలు టికెట్టే కొనలేదు.