గ్యాసు బుగ్గల పోశయ్య

“ఆ హైడ్రోజన్ కార్ల కంపెనీల చేరినవో, నీకూ నాకూ మాటల్లేవు!” శారదమ్మ బియ్యం చేటను నేలమీద దబ్బున పెట్టింది. ఆ రోజు పెత్తరమాస. చనిపోయిన తండ్రి పేరు మీద అయ్యగారికి బియ్యం ఇవ్వడానికి నాచారం గుడికి బయల్దేరుతోంది.

“పన్నెండు గంటల లోపల వస్తనో రానో చెప్పాలమ్మా,” అంది కూతురు ప్రజ్ఞ. “రెండేండ్లు తిరిగితే దొరికిన నౌకరి.”

మల్లాపూర్‌లో మోటార్లు బాగుచేసే మహిపాల్ చాయ్ ఊదుకుంటూ కూతురిని గెలికాడు. “అసలు గా కార్లెందుకు బిడ్డా? కరెంటు పెట్టి గ్యాస్ చేసుడు, గ్యాస్ పెట్టి మల్ల కరెంటు చేసుడు. వరంగల్ మీదికెల్లి ఉప్పల్ పోయినట్టు! సక్కగ బ్యాటరీల నింపితే అయిపాయె.”

“గంటలు గంటలు ఛార్జింగ్ పెట్టుకుంట కూసోవాల్నా డాడీ? గిది ఐదు నిమిషాల్ల నిండుతది. ఎనకకెల్లి పొగ గాదు, నీళ్లొస్తయి.”

“నీళ్లే కనబడుతున్నయి నీకు!” శారదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “గదే గ్యాస్ గదనే మా బాపును మింగింది? అమ్మే బెలూన్ బుగ్గలల్ల నింపుతుంటె సిలిండర్ పేలె. అప్పుడు నాకు మూడేండ్లు. బాపు మొకం సుత యాదిలేదు నాకు.”

గోడవారగా కూర్చున్న శారదమ్మ తల్లి మల్లవ్వ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

భర్త పోశయ్య ముఖం ఆమెకు బాగా గుర్తుంది. పొద్దున్నే ఆమె అల్యూమినియం తునకలు కత్తిరించి ఇస్తే, సిలిండర్‌లోని కాస్టిక్ సోడా నీళ్లలో వేసి హైడ్రోజన్ గ్యాసు పుట్టించేవాడు. అతను బుగ్గ నింపితే ఆమె దారం కట్టేది. ఒక్కోసారి ఎర్ర బుగ్గను ఆమె జడకు కట్టి, “ఎగిరిపోతవు, జర పదిలం!” అని నవ్వేవాడు. చివరిసారి బండి తోసుకుంటూ ఉప్పల్ వైపు మలుపు తిరిగాక, మనిషి కనబడకపోయినా, పెంకుల మీదుగా బుగ్గలు చాలాసేపు కనబడ్డాయి. అవీ కనుమరుగయ్యే దాకా ఆమె వాకిట్లోనే నిలబడింది.

ప్రజ్ఞ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. “సరే, నువ్వు ఏడ్వకు. రానని చెప్త,” అని ఫోన్ తీసింది.

“ఆగు బిడ్డా!” మల్లవ్వ చెయ్యెత్తి ఆపింది. “గా గ్యాస్‌ను తిట్టకురి.”

“బాపును సంపిన గ్యాస్‌ను తిట్టొద్దా అవ్వా?”

“ఏ సిలిండరూ పేలలే శారదా.” మల్లవ్వ తలెత్తలేదు. “నలభై ఏండ్లసంది గదే గ్యాస్ నింపుకుంట, నారపల్లిల ఇంకొకామెతోటి సల్లగ బతుకుతుండు మీ బాపు.”